మాక్ టెస్టు మార్కులు ఊగుతుంటే

ప్రశ్న: మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌కు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటున్నాను. మాక్ టెస్టులో ఒకసారి 570 వస్తే, మరుసటి వారం 480. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు సర్. నా అసలు స్థాయి ఏది?
- ఓ విద్యార్థిని, గుంటూరు

జవాబు: కంగారుపడకు తల్లీ. నీట్‌లో సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. తెలిసిన ప్రశ్న తొందరలో తప్పు పెడితే పోయేవి 5 మార్కులు. అలాంటివి 18 ఉంటే చాలు, నీ 90 మార్కుల తేడా వచ్చేస్తుంది.

ఆ 480 పేపర్ బయటకు తీయి. ప్రతి తప్పు పక్కనా రాసుకో: తెలియక పోయిందా, తెలిసీ పోయిందా, గుడ్డిగా పెట్టావా? నేను ఫిజిక్స్ చెబుతాను, పిల్లల పేపర్లలో నాకు బాధ కలిగించేది రెండో రకమే. సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చరు. ‘సరికానిది ఏది’ అని అడిగితే సరైనది గుర్తిస్తారు. చాప్టర్ మళ్లీ మొదటి నుంచి చదివినా ఇవి పోవు, ప్రశ్న చివరిదాకా చదివే అలవాటుతోనే పోతాయి.

90 ప్రశ్నలున్న బయాలజీ ముందు ముగించు. మాక్ టెస్టు కూడా అసలు పరీక్షలాగే మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు రాయి. ఒక్క టెస్టు కాదు, చివరి ఐదింటి సగటు చూసుకో. నిద్ర ఇలాగే పట్టకపోతే మాత్రం దాచుకోవద్దు, అమ్మానాన్నలకు చెప్పి డాక్టర్‌ని కలువు.