అక్క వస్తానంటే రావాలి

చి. అమ్మీకి పెద్దమ్మ ఆశీస్సులు.

పాకాల పక్కన మనూరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు దారి చూపించే పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటూ కూడా ఊరి బడి గుర్తుపెట్టుకున్నావు, సంతోషం. భయం కూడా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

హెచ్ఎం గారి అనుమతి కాగితం మీద తీసుకో. తల్లిదండ్రుల సంతకాలు తీసుకో.

పెద్దవాళ్లను పిలిచి సభ పెడతావంట. ఒక్కసారికైతే పెట్టుకో. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1880లో చిత్తూరు పక్కనే పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారని చెబితే పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ భిన్నాల లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లకు అక్కడికి మెట్లు కనబడవు కదమ్మీ. దానికి ఒక్క మెట్టు పైనున్న మనిషి కావాలి. అదే బస్సులో బడికి పోయి, ఇప్పుడు తిరుపతి పద్మావతి పాలిటెక్నిక్‌లోనో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదివే అక్క అయితే సరి. ఒక సబ్జెక్టు పోయి సప్లిమెంటరీలో గట్టెక్కిన పిల్లయితే ఇంకా మేలు. 2016లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ పడిన తిప్పలు చదివిస్తే సైన్సు మార్కులు పెరిగాయి. వాళ్లు సాధించినవి మాత్రమే చదివిన పిల్లలకు పెరగలేదు.

ఆడపిల్లల సంగతి వేరుగా చూడు. పశ్చిమ బెంగాల్లో ఆడవాళ్లు రెండు విడతలు సర్పంచులుగా ఉన్న ఊళ్లలో ఆడపిల్లల ఆశలు పెరిగాయి, కన్నవాళ్ల ఆశలూ పెరిగాయి, ఆ ఆడపిల్లలు ఇంటిపనికి పెట్టే పొద్దు తగ్గింది. అందుకని అక్కను బళ్లో కూర్చోబెట్టి వదిలెయ్యకు. నెలకోసారి తల్లుల ముందుకు తీసుకుపో.

ఇప్పుడు నా అసలు భయం చెబుతా. మొదలుపెట్టి మానెయ్యడం.

ఇది ఎప్పుడూ ఒకే తీరుగా జరుగుతుంది. జూలైలో నలభైమంది పిల్లలు, పదిమంది అక్కలు. దసరా సెలవులొస్తాయి. నవంబరులో అక్కలకు సెమిస్టర్ పరీక్షలు. సంక్రాంతికి ఇద్దరు మిగులుతారు. పిల్లలు ఏమీ అడగరు. బెల్లు కొట్టినాక రెండు వారాలు వరండాలో కూర్చుని చూస్తారు, మూడో వారం సంచి తగిలించుకుని వెళ్లిపోతారు. తమలోనే ఏదో లోపముందని అనుకుంటారు. 2002లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఏడాది దాటి నిలిచిన పెద్దా పిల్లా జోడీల్లో పిల్లలు బాగా లాభపడ్డారు. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట మాత్రం తమ మీద తమకున్న విలువ మునుపటికంటే తగ్గింది. అంటే అసలు మొదలుపెట్టకపోయినా నయమే. కోపంగా రాస్తున్నానని అనుకోవద్దు, నీ మనసు తెలుసు. నీ షిఫ్టుల సంగతీ తెలుసు.

కాబట్టి నలభై వద్దు, పదిహేను చాలు. ఐదుగురికొక గుంపు, గుంపుకు ఇద్దరు అక్కలు. ఇద్దరినీ మొదటి రోజే చూపించు, ఒకరు రాని రోజు రెండోవాళ్లు కొత్త మొహం కాకూడదు. వాళ్ల పరీక్షల తేదీలు ముందే రాయించుకో. వారంలో ఒకే రోజు, చివరి బెల్లు తరువాత ముప్పావుగంట. డిసెంబరులో పొద్దు తొందరగా కుంకుతుంది, ఊరి బస్సు వేళ చూసుకో. రాలేకపోతే రెండు రోజుల ముందే కబురు పంపాలి. ఒక అక్క మానుకుంటే తానే వచ్చి చెప్పాలి, కొత్త అక్కను పక్కన కూర్చోబెట్టుకుని రెండు వారాలు నడపాలి.

మొదటి రోజే 'ఏమవుతావు?' అని అడగనివ్వకు. పిల్లలు డాక్టరు, కలెక్టరు అని అప్పజెప్పేస్తారు. పొద్దున ఇంటికాడ ఏం పనులు చేస్తావు, ఏ పాఠం దగ్గర ఆగిపోయావు అని అడిగించు. పోయిన వారం ఏం చేస్తానన్నావు, ఏం చేశావు, ఏది అడ్డమొచ్చింది, ఈ మూడూ నోటుబుక్కులో రాయించు. అడ్డమొచ్చిన దాని గురించే మాట్లాడాలి.

చేతికందే గురి కూడా ఒకటుండాలి. ఎనిమిదిలో ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. 180 ప్రశ్నలు, సగం తెలివికి, సగం పాఠాలకు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ప్రైవేటు బడికి మారితే పోతుంది. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒకటేనా అని జూలైలోనే చూడండి. ఇంటిపేరు పొట్టిగా ఒకచోట, పొడుగ్గా ఒకచోట ఉంటే ఫారం దగ్గర చిక్కుకుంటారు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తలుపేసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల ఎప్పుడూ ఉండకూడదు. వరండాలోనే, నలుగురి కళ్లెదుటే. రాత్రి పూట ఫోన్ మెసేజులు వద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వాళ్ల నోటుబుక్కు అట్ట మీదే రాయించు.

ఆ ఆరుగురు అక్కల పేర్లు, పరీక్షల తేదీలు రాసుకుని వచ్చే ఆదివారం ఇంటికి రా. రాగి సంగటి, ఊరిబిండి చేస్తా. ఆ కాగితం చూసినాకే వడ్డిస్తా.

నీ పెద్దమ్మ