రివర్స్ కెమెరా పెట్టించేటప్పుడు వైరింగ్ దగ్గరే నిలబడి చూసుకోండి

2016 వ్యాగనార్‌కి వెనక కెమెరా, లోపల చిన్న స్క్రీన్ పెట్టిద్దామనుకుంటున్నా, ఏ కెమెరా కొనాలి, గుంటూరులో చేయించాలా బెజవాడ ఆటోనగర్ రావాలా అని అడిగారు కదండీ. నాదీ వ్యాగనారే, 2014ది, ఉండేది బెజవాడ కృష్ణలంకలో. ఇదే పని రెండుసార్లు చేయించుకున్నా కాబట్టి చెప్తున్నా, కెమెరా కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు గానీ వైర్లు ఎలా కలుపుతున్నారో మాత్రం చూసుకోండి.

మొదటిసారి ఒక యాక్సెసరీస్ షాపులో పెట్టిస్తే నలభై నిమిషాల్లో అయిపోయింది. మే నెల వచ్చేసరికి స్క్రీన్ మీద గీతలు, తర్వాత మొత్తం నీలం, ఇంకో వారానికి రివర్స్ లైట్లే వెలగట్లేదు. డిక్కీ లోపలి ప్లాస్టిక్ ఊడదీస్తే ఏముంది, రివర్స్ లైటు వైరు బ్లేడుతో చెక్కి, దానికి కెమెరా ఎర్ర వైరు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి వదిలేశారు. మన ఎండలకి ఆ జిగురు కరిగి టేపు జారిపోయి, రాగి తీగ బాడీకి తగిలి ఫ్యూజు కొట్టేసింది. వేలితో లాగితే టేపు బెల్లంపాకంలా సాగింది.

రెండోసారి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చేశారు, రెండున్నర గంటలు పట్టింది, పక్కనే స్టూలేసుకుని కూర్చున్నా. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేయించి, రివర్స్ గేరు వేయించి, మీటరు పెట్టి కరెంటు ఏ వైర్లో వస్తుందో చూసుకున్నాకే చెయ్యి పెట్టారు. ప్రతి జాయింటుకీ సోల్డరింగ్, అంటే లోహం కరిగించి అతికించడం, పైన వేడికి ముడుచుకునే స్లీవు. వీడియో కేబుల్‌ని డిక్కీ డోరుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచే తీసి, డోర్ల కింద ప్లాస్టిక్ పట్టీల లోపల నుంచి ముందుకి తెచ్చారు, బయటికి వేలాడేస్తే డోరు వేసినప్పుడల్లా నలిగి తెగుతుందట. స్క్రీన్‌కి కరెంటు కూడా కంపెనీ వైరు కొయ్యకుండా ఫ్యూజు బాక్సులో ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు చోటులోంచి ఇంకో లైను తీసే చిన్న ముక్క) పెట్టి తీశారు. వీడియో కేబుల్ పక్కనే సన్నటి ఎర్ర తీగ ఒకటి వస్తుంది చూడండి, దాన్ని కూడా రెండు వైపులా కలిపితేనే రివర్స్ వెయ్యగానే స్క్రీన్ దానంతటదే కెమెరాకి మారుతుంది.

కెమెరా ఐపీ67 ఉన్నది, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోనిది తీసుకోండి. కన్నం పెట్టాల్సి వస్తే అంచుకి పెయింట్ పూయించి, రబ్బరు వాషరు వేయించండి, లేకపోతే ఒక వర్షాకాలానికే తుప్పు మొదలవుతుంది. బొమ్మ అద్దంలో లాగా ఉండాలి, అంటే కారుకి కుడి పక్కనున్న గోడ స్క్రీన్‌లోనూ కుడి పక్కే కనపడాలి. నా కెమెరాకి తిరగేసి వచ్చింది, దాని వైర్లో చిన్న ఆకుపచ్చ లూపు కత్తిరిస్తే సరైపోయింది, మీ దానికి ఏ లూపో ముందు కెమెరాతో వచ్చిన కాగితంలో చూసుకోండి.

వెనక ఏదన్నా దగ్గరకొస్తే బీప్ కొట్టే పార్కింగ్ సెన్సార్లు చాలవా అంటే, 2019 జూలై 1 నుంచి వచ్చిన కార్లకి వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు, మన పాతవాటికి విడిగా పెట్టించుకోవాల్సిందే. అవి గోడని చెప్తాయి గానీ గోతిని చెప్పవండీ. మా సందులో పలక లేని సైడు కాలవలో వెనక చక్రం దిగిపోయి నలుగురు ఎత్తాల్సొచ్చింది, ఆ రోజే కెమెరా పెట్టించాలని గట్టిగా అనుకున్నా.

రివర్స్ వేసినప్పుడు స్క్రీన్ మీద దూరం చూపించే రంగు గీతలు మాత్రం వెంటనే నమ్మెయ్యకండి, అవి మీ కారు కొలతకి గీసినవి కావు. బంపర్‌కి అడుగు దూరంలో ఒక ఇటుక పెట్టి అది ఏ గీత మీద పడుతుందో చూసి గుర్తు పెట్టుకోండి, నేను అలాగే చేశా.

కెమెరా, అద్దానికి తగిలించే స్క్రీన్, రెండోసారి కూలీ కలిపి నాకు నాలుగున్నర వేలయింది. దీనికోసం బెజవాడ దాకా రానక్కర్లేదు, గుంటూరులోనే సోల్డరింగ్ చేసే కార్ ఎలక్ట్రీషియన్‌ని వెతుక్కోండి, పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం అయితే వెలుతురు పోతుందని తొందర తొందరగా చుట్టేస్తారు.