కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు

ప్రశ్న: 2019లో పెట్టించుకున్న డెస్క్‌టాప్. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటే, జీటీఎక్స్ 1650 కార్డు. ఆట మధ్యలో ఆగి ఆగి నడుస్తోంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కార్డు ఇప్పుడే కొనకండి. ఆట ఆగి ఆగి నడవడం వేరు, మొత్తంగా నెమ్మదించడం వేరు. ఆడుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. మెమొరీ 95 శాతం దాటితే లోపం ర్యామ్‌లోనే ఉంది. చోటు చాలక విండోస్ కొంత డేటాను డిస్క్‌లోకి నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. ఆట బిగుసుకుపోయేది అప్పుడే. గ్రాఫిక్స్ కార్డు వాడకం ఎప్పుడూ 97, 98 శాతం దగ్గరే ఉంటేనే కార్డు మార్చాలి.

ముందు 8 జీబీవి రెండున్న డీడీఆర్4 ర్యామ్ జత, 3200 వేగంది తీసుకోండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టండి. మొదటి రెండింటిలోనో చివరి రెండింటిలోనో పెడితే రెండు ర్యాములూ ఒకే ఛానెల్ (ప్రాసెసర్‌కు డేటా వెళ్లే దారి) మీద పడతాయి, సగం లాభం పోతుంది. తరవాత బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపేది అదే. చాలామంది మరిచిపోయేది ఇదే. అది చేయకపోతే 3200 ర్యామ్ కూడా 2133 లేదా 2400 దగ్గరే నడుస్తుంది. మీ ప్రాసెసర్‌కు కంపెనీ చెప్పిన పరిమితి 2933. అందుకని 3200 దగ్గర కంప్యూటర్ హ్యాంగయితే 2933కి దించండి.

ఆపైన ప్రాసెసర్. ఇదే బోర్డులో రైజెన్ 5 5600 కూర్చుంటుంది. కాకపోతే పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. బోర్డు మీద అచ్చయిన మోడల్, రివిజన్ నంబరు చూసి, తయారీదారు సైటులో సరిగ్గా అదే ఫైలు దించుకోండి. ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి బయోస్‌లో నుంచే ఎక్కించండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే మొండికేయొచ్చు, కాబట్టి యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగొద్దు.

ప్రాసెసర్ మార్చాలంటే దాని మీదున్న కూలర్ (చల్లబరిచే ఫ్యాన్) తీయాలి. తీసేముందు పది నిమిషాలు ఆట ఆడి, కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేయండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్టు వేడికి మెత్తబడుతుంది. స్క్రూలు విప్పాక కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా దానికంటుకుని సాకెట్‌లోంచి ఊడొస్తుంది. ఈ ప్రాసెసర్‌కు పిన్నులు కిందే ఉంటాయి. ఒక్కటి వంగినా ప్రాసెసర్ సాకెట్‌లో సరిగ్గా కూర్చోదు. పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠాణీ గింజంత వేయండి. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

ఇవన్నీ అయ్యాకే కార్డు సంగతి. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లే. మీ కార్డు స్లాట్ కరెంటుతోనే నడిచే రకమైతే, కొత్తదానికి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి వేరే 8 పిన్ వైరు కావాలి. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్ వైరు చూడ్డానికి అలాగే ఉంటుంది, దాన్ని బలవంతంగా దూర్చొద్దు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అయితే ముందు దాన్నే మార్చండి.

ప్రశ్న: కొత్తగా బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రాదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు పెట్టారేమో చూడండి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, కేబుల్ కార్డుకే పెట్టాలి. అప్పటికీ రాకపోతే ర్యామ్ తీసి, క్లిక్ మనేదాకా నొక్కి, ఒక్కదానితో ఆన్ చేయండి. ప్రాసెసర్ పవర్ వైరు పెట్టకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి.

ప్రశ్న: క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోంది. ఎస్‌ఎంపీఎస్ పాడైందా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: చాలాసార్లు కారణం గోడలోని ఎర్త్. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ ఎర్త్‌లోకి పోవాలి. దారి లేకపోతే క్యాబినెట్ మీదే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి, దాదాపు 230 వోల్టులు రావాలి. ఎర్త్ పిన్ లేని టూ పిన్ కన్వర్టర్ వాడుతుంటే ఈరోజే తీసేయండి.