మ్యాక్సిమా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్ స్క్వేర్‌కి ఫూరియర్ సిరీస్ వేస్తే సైన్ ఎన్ పై పోవడం లేదా?

ఎన్ అనేది పూర్ణసంఖ్య అని నువ్వు దానికి చెప్పలేదప్పా, అందుకే ఆన్సర్లో సైన్ ఎన్ పై అట్లే వేలాడతాంది. అది సున్నా అని మనకు తెలుసు, మ్యాక్సిమాకి మాత్రం ఎన్ అంటే అర కూడా కావచ్చు, పావు కూడా కావచ్చు.

1. ఇంటిగ్రేట్ కొట్టకముందే డిక్లేర్ కమాండ్‌లో ఎన్, కామా, ఇంటీజర్ అని ఇయ్యి. తర్వాత ఇంటిగ్రల్ మళ్లీ రన్ చెయ్యి, పాత ఆన్సర్‌నే చూస్తా కూర్చోవద్దు.

2. అయినా పోలేదా, పై ముందు పర్సెంట్ గుర్తు ఉందో లేదో చూడు. మా అనంతపురం ల్యాబ్‌లో పిల్లోళ్లు ఎక్కువమంది ఈడే ఇరుక్కుంటారు, ఉత్త పై అని కొడితే దానికి అది 3.14 కాదు, ఎక్స్ వై మాదిరి ఇంకో పేరు అంతే, పైగా ఎర్రర్ కూడా రాదు కాబట్టి ఎంతసేపు చూసినా తప్పు దొరకదు.

3. ఎ-నాట్, అంటే స్థిరపదం ఇచ్చే గుణకం, విడిగా చెయ్యి. కొసైన్ గుణకం ఎ-ఎన్ ఫార్ములాలో ఎన్‌కి సున్నా వేస్తే కింద ఎన్ స్క్వేర్ ఉంది కదా, డివిజన్ బై జీరో.

మైనస్ పై నుంచి పై వరకు అయితే ఎ-ఎన్ వచ్చేసి 4 ఇంటూ మైనస్ 1 పవర్ ఎన్, బై ఎన్ స్క్వేర్. స్థిరపదం పై స్క్వేర్ బై 3 రావాల. సైన్ గుణకాలు బి-ఎన్ అన్నీ సున్నానే, ఈవెన్ ఫంక్షన్ కదా, వాటిని వేయడమే దండగ.