కరోలినాకి వరి ఎక్కడిది?

ప్రశ్న: సార్, నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ హిస్టరీ చదువుతున్నాను. ఇంగ్లీషువాళ్ల అమెరికా వలసల్లో వర్జీనియా పొగాకుతో, దక్షిణ కరోలినా వరితో బతికాయని నోట్సులో ఒక్క వాక్యం రాసి వదిలేశారు. వరే పండని ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లకి వరిసాగు ఎలా తెలిసింది?
– ఒక విద్యార్థిని, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: వాళ్లకి తెలియదమ్మా. తెలిసినవాళ్లని బానిసలుగా కొనుక్కొచ్చారు.

1663లో రెండో చార్లెస్ రాజు ఎనిమిదిమంది దొరలకి కరోలినాని రాసిచ్చాడు, 1670లో చార్లెస్ టౌన్ (ఇప్పటి చార్లెస్టన్ నగరం) మొదలైంది. అక్కడికి తొలినాళ్లలో వచ్చినవాళ్లలో చాలామంది బార్బడోస్ దీవి నుంచి వచ్చినవాళ్లు. చెరకు తోటలూ, బానిసలూ, వాళ్లని అణచే చట్టాలూ అక్కడ అప్పటికే స్థిరపడ్డాయి, ఆ పద్ధతినే ఇక్కడికీ తెచ్చారు. వర్జీనియా పొగాకు చేలల్లో మొదట ఎక్కువగా పనిచేసింది ఒప్పందం మీద వచ్చిన ఇంగ్లీషు కూలీలు. తేడా అక్కడే మొదలైంది.

మొదట్లో కరోలినా సంపాదన జింక తోళ్లు, పశువులు, తారు, ఇంకా స్థానిక తెగలవాళ్లని పట్టి దీవులకి అమ్మడం. 1690లలో వరి నిలదొక్కుకుంది. ఎవరి వాటా ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు గానీ, సెనెగల్, గాంబియా, సియెర్రా లియోన్ ప్రాంతాల్లో తరతరాలుగా వరి పండించిన జనం ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చిన ఓడల్లో ఉన్నారు, రోలూ రోకలీ పెట్టి దంచడం, బుట్టలతో చెరగడం వాళ్ల చేతుల్లోంచే వచ్చాయి, కాబట్టి ఈ ఘనత తోటల యజమానులకి రాసివ్వడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. తర్వాత నదుల పక్క మళ్లకి గట్లు వేసి, సముద్రం పోటుకి నదిలో మంచినీళ్లు పైకి లేచినప్పుడు తూములు తెరిచి నింపేవారు, పాటుకి దింపేసేవారు. మోకాలి లోతు బురదలో ఆ గట్లు తవ్వింది బానిసలే, ఆ పనిలో ఎంతమంది చచ్చిపోయారో!

1708 నాటికే అక్కడ తెల్లవాళ్లకన్నా నల్లవాళ్లు ఎక్కువ. మలేరియా భయంతో యజమానులు వేసవిలో చార్లెస్ టౌన్‌లో మకాం పెట్టేవారు. నగరం విలాసంగా పెరిగింది, తోటల్లో మాత్రం ఆఫ్రికా మాటా పాటా వంటా కలిసి గల్లా అనే భాష, సంస్కృతి నిలబడ్డాయి, ఇప్పటికీ ఉన్నాయి. 1739లో స్టోనో నది దగ్గర బానిసల తిరుగుబాటు జరిగింది, మరుసటి ఏడాదే బానిసలకి రాయడం నేర్పడం నేరమని చట్టం తెచ్చారు. కరోలినా గుర్తింపు అంటే ఈ సిరీ, ఈ భయమూ కలిపి చదవండి.

నీలిమందునీ వదలొద్దు. 1740లలో ఎలైజా లూకస్ అనే అమ్మాయి పట్టుబట్టి సాగు చేయించింది, 1748లో బ్రిటన్ పార్లమెంటు దానికి ప్రోత్సాహక సొమ్ము ప్రకటించింది. అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చాక ఆ సొమ్ము ఆగిపోయింది, బ్రిటిష్ వర్తకులు బెంగాల్ నీలిమందు వైపు తిరిగారు, కరోలినా రైతులు పత్తికి మళ్లారు.