దిగేటప్పుడే చెవుల్లో పోటు ఎందుకు?

ప్రశ్న: విమానం కిందికి దిగుతున్నప్పుడు నాకు చెవుల్లో భరించలేనంత పోటు వస్తుంది. మొన్న బ్యాగులోని ఫౌంటెన్ పెన్ను సిరా కక్కింది. దారిలో సగం తాగి మూత బిగించిన నీళ్ల సీసా దిగేసరికి సొట్టలు పోయింది. లోపల గాలి పీడనాన్ని నేలమీద ఉన్నట్లే ఉంచుతారు కదా, ఇవన్నీ ఎందుకు జరుగుతాయి?

జవాబు: పీడనాన్ని నిలబెడతారన్నది నిజమే గాని, నేలమీద ఉన్నంత ఉంచరు. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో బయటి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో నాలుగైదో వంతుకు పడిపోతుంది. లోపల మాత్రం పూర్తి పీడనం ఉంచాలంటే ఆ తేడాను తట్టుకునేలా విమానాన్ని మరింత దృఢంగా, అంటే మరింత బరువుగా కట్టవలసి వస్తుంది. అందువల్ల మామూలు ప్రయాణంలో క్యాబిన్ పీడనం 8,000 అడుగుల ఎత్తున్న కొండమీది పీడనం కన్నా తగ్గకుండా చూస్తే చాలునని నిబంధన పెట్టారు. అది సముద్రమట్టపు పీడనంలో సుమారు 75 శాతం. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 వంటి కొత్త విమానాల్లో దాదాపు 6,000 అడుగుల స్థాయిలో ఉంచుతారు కాబట్టి వాటిలో అలసట కొంత తక్కువ.

పీడనం తగ్గితే గాలి వ్యాకోచిస్తుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే చెప్పాడు. ఆ లెక్కన మూసి ఉన్న చోట చిక్కుకున్న గాలి పైకి వెళ్లేసరికి మూడో వంతు పెరగజూస్తుంది. ప్రయాణంలో కడుపు ఉబ్బరంగా అనిపించడానికీ ఇదే కారణం. చెవి సంగతి మాత్రం కాస్త విచిత్రం. కర్ణభేరి వెనక ఉన్న గాలికి గొంతు వైపు తెరుచుకునే సన్నని నాళం ఒక్కటే దారి. పైకి వెళ్లేటప్పుడు ఉబ్బిన గాలి ఆ నాళాన్ని తనే తోసుకుని, చిన్న టప్పుమనే శబ్దంతో బయటపడుతుంది. దిగేటప్పుడు గాలి లోపలికి రావాలి, కాని నాళం మెత్తని గోడలు అతుక్కుపోయి ఉంటాయి. మింగినప్పుడో ఆవులించినప్పుడో కండరాలు లాగితే తప్ప అవి విడవవు. ఈలోగా బయటి పీడనం కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది, పోటు మొదలవుతుంది. జలుబుతో నాళం వాచి ఉంటే బాధ ఇంకా ఎక్కువ.

కాబట్టి నొప్పి వచ్చేదాకా ఆగకుండా, దిగడం మొదలైనప్పటి నుంచే తరచు గుటకలు మింగుతూ ఉండండి. అది చాలకపోతే నోరు, ముక్కు మూసి మెల్లగా ఊదండి. బలంగా ఊదితే చెవికే ప్రమాదం. నిద్రలో గుటకలు తగ్గిపోతాయి కనుక ఆ సమయంలో మేలుకుని ఉండడమే మంచిది. పసిపిల్లలకైతే అప్పుడు పాలు పట్టాలి.

ఇక పెన్ను. సిరా సగం అయిపోయిన పెన్నులో మిగతా చోటంతా గాలే. అది ఉబ్బి సిరాను పాళీ గుండా బయటికి తోస్తుంది. పెన్ను నిండుగా గాని పూర్తిగా ఖాళీగా గాని ఉంచి, పాళీ పైకి ఉండేలా పెట్టుకుంటే కారే అవకాశం చాలా తగ్గిపోతుంది. షాంపూ సీసాల మూతల దగ్గర కారేదీ ఇందుకే: మెత్తటి సీసా అయితే కొంచెం నొక్కి గాలి తీసేసి మూత బిగించండి. నీళ్ల సీసాది దీనికి తిరగబడిన కథ. పైన మీరు మూత పెట్టినప్పుడు అందులో చేరింది పలచని గాలి. కిందికి వచ్చాక చిక్కని గాలి దాన్ని బయటినుంచి నొక్కేసింది.

ప్రశ్న: సామాన్ల అరలో వేసిన పెట్టెలకు ఈ పీడనం అందుతుందా? విమానం అసలు ఎక్కకూడనివారు ఉంటారా?

జవాబు: ప్రయాణికుల విమానాల్లో సామాన్ల అరలోనూ క్యాబిన్‌లో ఉన్నంత పీడనమే ఉంటుంది, అందువల్ల పెట్టెలోని సీసాలకు కూడా పైన చెప్పిన జాగ్రత్తలే సరిపోతాయి.

రెండో ప్రశ్న ముఖ్యమైనది. ఆక్సిజన్ పీడనమూ తగ్గుతుంది కనుక తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ముందుగా వైద్యులను అడగాలి. సముద్రంలో స్కూబా డైవింగ్ చేసినవారు రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టకుండా కనీసం 12 గంటలు, పదేపదే మునిగితే 18 గంటలు ఆగాలి. రెటీనా శస్త్రచికిత్సలో కంట్లో వాయువు బుడగ నింపించుకున్నవారి విషయంలో మినహాయింపు లేదు: ఆ బుడగ ఉబ్బితే చూపే పోవచ్చు, అది పూర్తిగా కరిగిందని కంటి వైద్యులు చెప్పేదాకా వారు విమానం ఎక్కకూడదు.