హంతకుడి పేరు ముందే చెప్పేసే పెద్దమనుషుల మధ్య

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. గోదావరి ఎర్రబడింది, కొత్త నీరు వచ్చేసింది.

నీ నవల రాతప్రతి అందింది. ధవళేశ్వరం లాకుల దగ్గర తేలిన శవంతో మొదలుపెట్టావు కదా, రెండు రాత్రుల్లో చదివేశాను. అచ్చు వేయించడం ఎలా, జనంలోకి తీసుకెళ్లడం ఎలా అని అడిగావు. జిల్లా కోర్టులో ముప్పై ఏళ్లు కాగితాలు మోసి, రిటైరయ్యాక నాలుగు అపరాధ పరిశోధక నవలలు వేయించుకున్నదాన్ని. మొదటిది 2009లో వచ్చింది. ఆ వెయ్యి ప్రతుల్లో మూడువందల పైచిలుకు ఇప్పటికీ మా మంచం కింద ఉన్నాయి. నా సలహాలను ఆ లెక్కలోనే తీసుకో.

మామూలు నవలకు కథ ముందే తెలిసిపోయినా పెద్ద నష్టం లేదు. రామాయణం తెలియక హరికథకు వెళ్తామా? నీది అలా కాదు. నీ దగ్గరున్న సరుకంతా ఒక్క రహస్యం. మన దగ్గర పుస్తకం అచ్చయ్యే తంతులో మెట్టు మెట్టుకూ ఆ రహస్యాన్ని ఒలకబోయడానికి ఒక పెద్దమనిషి సిద్ధంగా ఉంటాడు. అందరూ మంచివాళ్లే, నీ మేలు కోరేవాళ్లే. అందుకే వాళ్ల మీద కోప్పడడానికి కూడా ఉండదు.

ముందు నా ప్రూఫుల గోడు విను. నా మొదటి నవలలో ఒక బెదిరింపు ఉత్తరం ఉంది. రాసినవాడికి 'ళ' రాదు, ఎక్కడైనా 'ల'యే. "కల్లు మూసుకుని ఊరొదిలి వెల్లిపో" అని రాస్తాడు. అంతకు ముందే పదిహేడో పేజీలో, ఆ ఇంట్లో అద్దెకుంటున్న ఒకాయన కిరాణా కొట్టుకు పంపిన చీటీ ఉంటుంది. అందులో "రాల్ల ఉప్పు, అరటిపల్లు" అని ఉంటుంది. పాఠకుడు నవ్వుకుని దాటిపోతాడు. చివర్లో మా హెడ్ కానిస్టేబులమ్మ అందరినీ సావిట్లో కూర్చోబెట్టి, "'కళ్లు' అని రాయాల్సిన చోట 'కల్లు' అని రాసేవాడు ఈ ఇంట్లో ఒక్కడే" అంటుంది. నా రహస్యం మొత్తం ఆ ఒక్క అక్షరం మీద నిలబడింది.

ప్రూఫులు దిద్దింది రిటైరైన తెలుగు పండితుడు. పైసా తీసుకోలేదు. అచ్చుతప్పు కనిపిస్తే కంట్లో నలుసు పడినట్టు విలవిలలాడే మనిషి. పదిహేడో పేజీ దిద్దారు. నలభై ఒకటో పేజీలో ఉత్తరం దిద్దారు. అంతటితో ఆగక చివరి అధ్యాయమూ దిద్దారు. నేనేమో ఆఖరి ప్రూఫు వచ్చిన వారం మనవడి బారసాల హడావిడిలో ఉండి, అధ్యాయాల పేర్లు మాత్రం చూసి సంతకం పెట్టేశాను. పుస్తకం బైండింగ్ అయి వచ్చాక చూస్తే మా హెడ్ కానిస్టేబులమ్మ ఇలా అంటోంది: "'కళ్లు' అని రాయాల్సిన చోట 'కళ్లు' అని రాసేవాడు ఈ ఇంట్లో ఒక్కడే."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తెలివిగా సర్దుబాటు చేస్తున్నాననుకుని తప్పొప్పుల పట్టిక అచ్చు వేయించాను. 17వ పేజీలో ఇలా చదువుకోవాలి, 41వ పేజీలో ఇలా చదువుకోవాలి అని. మైదా జిగురు కాచి, నేనే కూర్చుని ఒక్కో పుస్తకం మొదటి పేజీకి అతికించాను. ఆరువందలు అయ్యాక మీ మామయ్య ఒక చీటీ చేతిలోకి తీసుకుని చదివి, "దీంతో పాటు హంతకుడి ఫొటో కూడా వేయించకపోయావా?" అన్నారు. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఉత్తరం రాసినవాడూ ఉప్పు తెప్పించినవాడూ ఒకడేనని కథ మొదలుకాక ముందే నా చేత్తో నేనే అంటించి మరీ చెబుతున్నాను!

కాబట్టి నీ నవలలో కావాలని పెట్టిన తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి, ప్రూఫులతో పాటే పంపు. ఆ చోట్ల అంచులో "ఇది తప్పే, ఇలాగే ఉండాలి" అని రాసిపెట్టు. ఇంకో సంగతి. నువ్వు కంప్యూటర్‌లో యూనికోడ్‌లో కొట్టావు. పేజీలు కూర్చే డీటీపీ వాళ్లలో చాలామంది దాన్ని అనూ అనే పాత అచ్చు ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో కొన్ని వత్తులు జారిపోతాయి, కొన్ని గుణింతాలు తారుమారవుతాయి. నీ ఫైలులో సరిగా ఉంది కదా అని ధీమాగా ఉండకు. అచ్చుకు వెళ్లే పేజీనే కాగితం మీద తీయించి, మొదటి అక్షరం నుంచీ చదువు. ఆ వారం ఎవరి బారసాలకూ వెళ్లకు.

చట్టం సంగతి కోర్టు మనిషిగా చెప్పక తప్పదు. నీ కథ 2025 వానాకాలంలో జరుగుతుంది. నీ ఎస్సై "302 కింద బుక్ చేస్తాను" అంటాడు. అది పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు సెక్షన్ 103. హత్య జరిగిన రోజు అంతకు ముందుదైతేనే 302. తరువాత, పనివాడి పెట్టెలో కత్తి దొరికే ఘట్టం. ఇప్పుడు సోదాను, స్వాధీనాన్ని ఫోనుతోనైనా వీడియో తీయాలని, పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పద్ధతి చెప్పే కొత్త నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. నీ ఎస్సై ఒక్కడే గదిలోకి వెళ్లి కత్తి పట్టుకొచ్చాడు. అది నీకు కావలసిన లొసుగే అయితే ఎవరో ఒకరి చేత "వీడియో ఏదీ?" అని అడిగించు. అడగకపోతే నీకు తెలియదనుకుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం నీ ముగింపు. ఫలానా మనిషి (ఈ ఉత్తరం మీ నాన్న చేతిలో పడవచ్చు, పేరు రాయను) స్టేషనులో కూర్చుని అంతా ఒప్పేసుకోగానే కథ అయిపోయింది. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత చట్టంలోనూ అంతే, కొత్త సాక్ష్య అధినియమ్‌లోనూ అంతే. అయితే ఆ మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకు చెల్లుతుంది. ఆ మనిషి చేతే చోటు చెప్పించి, లాకుల అడుగు నుంచి ఆ వస్తువును పైకి తీయించు. నీకు చట్టమూ నిలుస్తుంది, నీళ్లలో దిగే ఒక మంచి ఘట్టమూ దొరుకుతుంది. అచ్చయ్యాక ఇలాంటివి పట్టుకునేది రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టర్లు. వాళ్లకు తీరిక ఎక్కువ, పోస్టుకార్డులు ఎక్కువ.

ఇక ఎవరు వేస్తారు? పత్రికల దారి చాలావరకు మూసుకుపోయింది. నెలకో నవల అచ్చు వేసిన 'చతుర' కూడా 2021లో ఆగిపోయింది. ప్రవాస సంఘాలు అప్పుడప్పుడు నవలల పోటీలు పెడుతుంటాయి, పంపి చూడు, కానీ ఫలితం కోసం కాళ్లు చాపుకుని కూర్చోకు. చిన్న ప్రచురణ సంస్థలు కొత్తవాళ్లను ఇప్పుడు బాగానే వేస్తున్నాయి. ఎవరూ వేయకపోతే సొంతంగా వేసుకో, మన తెలుగులో అది నామోషీ కాదు. మొదట మూడువందల ప్రతులు చాలు, మిగతావి అవసరాన్ని బట్టి. పేజీల లెక్క పదహారు పేజీల ఫారాల్లో చూసుకో. 208 పేజీలైతే సరిగ్గా పదమూడు ఫారాలు. నీది 211కు తేలితే, "చివరి మూడు పేజీలు తగ్గించండి సార్" అంటారు. నీ పుస్తకంలో చివరి మూడు పేజీలు ఏమిటో వాళ్లకు తెలియదు.

ఎవరైనా వేస్తామంటే ఒప్పందం కాగితం మీద ఉండాలి, సంతకంతో. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ఒకసారి చదువుకో. హక్కు ఎంతకాలానికి ఇస్తున్నావో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. వేరే మాట రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కు నీకే తిరిగొస్తుంది. అందుకే తెలివైనవాళ్లు "సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ముందే టైపు చేసి తెస్తారు. అచ్చు హక్కు ఇవ్వు. ఆడియో, సినిమా, వెబ్ సిరీస్, అనువాదం విడివిడిగా నీ దగ్గరే పెట్టుకో. ఈ రోజుల్లో సినిమావాళ్లకు హత్య కథలంటే ఆకలి. నా రెండో నవలకు ఒకాయన ఫోన్ చేశాడు, తీరా చూస్తే ఆ హక్కు నా దగ్గర లేదు. ఎవరికి ఇచ్చానో, ఎందుకిచ్చానో ఇప్పుడు వద్దులే.

సొంతంగా వేస్తే పుస్తకానికి గుర్తింపు సంఖ్య, అదే ఐఎస్‌బీఎన్, కూడా నువ్వే తెచ్చుకోవాలి. దాన్ని కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ఎవరైనా దానికి వేలు అడిగితే నవ్వి ఊరుకో. పుస్తకం వచ్చిన ముప్పై రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చట్టంలో చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. చెన్నైలోని కన్నెమరా అందులో ఒకటి.

ముందుమాట రాయించకు. ఎంత గొప్పవారైనా సరే. మన వాళ్లకు ముందుమాట అంటే కథాసంగ్రహం, పాత్రల విశ్లేషణ, ఆ పైన దీవెన. మరీ మొహమాటమైతే పుస్తకం చివర వేయించు.

ఆవిష్కరణ సభ అంటావా, అది అసలు గండం. నా సభ మా ఊళ్లోనే జరిగింది. ఎనభై మంది వచ్చారు, బయట బల్ల దగ్గర సభకు ముందే ఇరవై రెండు ప్రతులు అమ్ముడయ్యాయి. నాకు భూమి మీద కాలు ఆనలేదు. ప్రధాన వక్త పెద్ద విమర్శకుడు. నవలను నిజంగా చదివి వచ్చారు, అది నా దురదృష్టం. పావుగంట భాష గురించి మాట్లాడారు. తరువాత గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ అమాయకుడిలా కనిపించే అద్దె మనిషే..." అని మొదలుపెట్టారు. నేను వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నాను. లేచి ఆపలేను. ముందు వరుసలో ఒకాయన అప్పటిదాకా ఒళ్లో పుస్తకం పెట్టుకుని పేజీలు తిప్పుతున్నాడు. ఆ మాట విని పుస్తకం మెల్లగా మూశాడు. కవరులో పెట్టాడు. కవరును కుర్చీ కింద పెట్టాడు. సభ అయ్యాక అది అక్కడే ఉంది. ఆ రోజు సభ తరువాత అమ్మినవి మూడు ప్రతులు, అందులో ఒకటి మీ నాన్న కొన్నది.

అందుకే మూడో నవల నుంచి పద్ధతి మార్చాను. వక్తలకు మొదటి ఆరు అధ్యాయాలే పంపుతాను. మిగతాది సభ అయ్యాక ఇస్తానంటాను. ఒకరిద్దరు అలుగుతారు, అలగనీ. సభలో ప్రసంగాలు తగ్గించి, మంచి గొంతు ఉన్నవాళ్ల చేత మొదటి నాలుగు పేజీలు చదివించు. నీ నవలలో లాకుల తలుపు ఎత్తగానే ముందు కాలి చెప్పు, తరువాత చెయ్యి కనిపిస్తుంది చూడు, సరిగ్గా అక్కడ ఆపించు. జనం తరువాతి పేజీ కోసం బల్ల దగ్గరికి వస్తారు. సమీక్షకు పంపే ప్రతిలో కూడా రెండు వాక్యాల చీటీ పెట్టు: ఫలానా పేజీ దాటిన సంగతులు దయచేసి రాయవద్దని. మర్యాదగా అడిగితే చాలామంది వింటారు.

అమ్మకం సంగతికి వస్తే, హైదరాబాదు పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో. రెండూ అందాలంటే నవంబరు ఆఖరుకు పుస్తకం చేతిలో ఉండాలి. ఆఫీసుకు సెలవు పెట్టి స్టాలులో నిలబడు. దుకాణాలవాళ్లు నా దగ్గర నలభై శాతం కమిషన్ తీసుకున్నారు, డబ్బు నెలల తరబడి రాలేదు. అది వాళ్ల కష్టం వాళ్లది. నువ్వు ధర పెట్టేటప్పుడే ఆ నలభై తీసేసి లెక్క చూసుకో. నా మొదటి పుస్తకానికి ఆ లెక్క చూడలేదు, కాపీకి నాలుగు రూపాయలు నేనే ఎదురిచ్చాను. పోస్టులో పంపడమూ ఖరీదైంది. చవకగా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఆపేశారు. తరువాత పుస్తకాల కోసం వచ్చిన జ్ఞాన్ పోస్టు సదుపాయం నవలకు ఇస్తారేమో మీ పోస్టాఫీసులో అడుగు.

స్టాలులో ఒక రకం మనుషులు వస్తారు. పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్ట చూసి, నీ మొహం చూసి, "ఇంతకీ చంపిందెవరండీ?" అంటారు. విజయవాడలో ఒక పెద్దాయన మూడు రోజులు వరుసగా వచ్చి అడిగాడు. మూడో రోజు నేను, "మీరేనండీ" అన్నాను. ఆయన నవ్వి రెండు ప్రతులు కొన్నాడు. ఇది అందరి దగ్గరా పనిచేయదు, ప్రయత్నించకు.

ఆఖరి ప్రూఫు నాకు పంపు, కథ కోసం కాదు, అక్షరాల కోసం చదువుతాను. ఇంకొక్కటి, ఫోనులో చెప్పేదాన్నే గానీ మీ నాన్న పక్కనే ఉంటాడు, వాడింకా సగంలోనే ఉన్నాడట. నీ హంతకుడు నాకు నలభై మూడో పేజీలోనే దొరికిపోయాడు. వాన కురిసిన రాత్రి వరండాలో ఆ గొడుగు పొడిగా ఉందని రెండుసార్లు రాశావు. ఒకసారి తీసేయి.

మీ అత్తయ్య
రాజమహేంద్రవరం